రెండంగుళాల లూజు

ఫిబ్రవరి 12

తూనీగా,

ఎలా ఉన్నావు? ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నువ్వు గుండుసూదులు నోట్లో పెట్టుకుని మాట్లాడతావు. "ఊఁ వదినా, ఆఁ వదినా" తప్ప నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే ఉత్తరం. జవాబు రాయడానికి నువ్వు సూదులు తీయనక్కర్లేదు.

కర్టెన్లు అందాయి. బట్ట బాగుంది, కుట్టు బాగుంది. ఎప్పట్లాగే రెండంగుళాలు పొడుగు. నాలుగు కిటికీలవీ అంచులు మడిచి నేనే కుట్టుకున్నాను. ఏమీ అనుకోకు, మాటవరసకి చెబుతున్నాను.

ఇక అసలు విషయం. మీ అన్నయ్య ట్రైలర్ పని మీద పడ్డారు. కారు వెనక తగిలించుకునే మా చిన్న నీలం ట్రైలర్ గుర్తుందిగా? ఈ ఇంటికి మారినప్పుడు కొన్నది. పరుపులు, బీరువా, పూలకుండీలు, ఎరువు బస్తాలు అన్నీ అందులోనే వచ్చాయి. పక్క పలకలకి ఆ నీలం రంగు వేసింది నేనే. ఇన్నేళ్ళూ కొండకి వెళ్ళేటప్పుడు ఆయన లావు చక్రాల బండి, అదే ఆ ఏటీవీ, అందులో ఎక్కేది. నీది అద్దె లారీలో నేరుగా కొండ కిందికి వచ్చేది. ఇప్పుడు ఆ లారీ అతను లారీ అమ్మేసుకున్నాడట కదా. అంతే, రెండు బండ్లూ ఈ ట్రైలర్ మీదే ఎక్కాలని పంతం పట్టారు.

ఆదివారం పొద్దున కాఫీ తాగి షెడ్డులోకి వెళ్ళారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కీచుమని చప్పుడు, నిప్పురవ్వలు. పరిగెత్తుకెళ్ళి చూస్తే నా నీలం పలకలు గోడకి ఆనించి ఉన్నాయి. "ఏమండీ, ఇదేం పని?" అన్నాను. "తూనీగ బండి పట్టాలిగా" అన్నారు. ఆ వారంలో ఆయన నాతో మాట్లాడిన అతి పెద్ద మాట అదే. పగలంతా లిఫ్టులు బాగుచేసి వస్తారు కదా, ఇంటికొచ్చాక ఆయనే రెండంతస్తుల మధ్య ఆగిపోయినట్టుంటారు. ఎన్ని బొత్తాలు నొక్కినా తలుపు తెరుచుకోదు.

ఆయన వేసిన ప్లాను ఇదీ. పక్కలు తీసేసి, ట్రైలర్ చక్రాలకి పైన చెక్కతో చదునుగా అరుగులాంటిది వేస్తారు. బండ్లు పొడుగ్గా కాకుండా అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. పక్కనుంచి ర్యాంపు వేసి ఎక్కించాలి. దానికి నీ బండి వెడల్పు కావాలి, ఒక టైరు బయటి అంచు నుంచి రెండో టైరు బయటి అంచు దాకా. ఆయనకి రాశావంటే కాగితం చొక్కా జేబులోంచి ఉతుకులోకి పోతుంది. నాకు రాయి, నేను అందిస్తాను.

మీరిద్దరూ ఏటా ఒక రోజు కొండెక్కి, ఆ పాత వాచ్ టవర్ దగ్గర కూర్చుని వస్తారు. మంచిదే. అన్నాచెల్లెళ్ళన్నాక అలా ఉండాలి. నేను డబ్బాలు కట్టి ఇస్తాను, తిరిగొచ్చాక మట్టి బట్టలు నానబెడతాను. ఆ ప్రయాణంలో నా వాటా అదే అనుకుంటాను.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

కొలత కోసం చూస్తూ ఉండే
వదిన


ఫిబ్రవరి 20

వదినా,

సూదులు తీసేసే రాస్తున్నాను, చూసుకో.

ముందు కర్టెన్ల సంగతి. రెండంగుళాల లూజు వదలకపోతే మొదటి ఉతుక్కే బట్ట కుంచించుకుపోయి కిటికీ మోకాళ్ళు బయటపడతాయి. పాతికేళ్ళుగా షాపు నడుపుతున్నాను. లూజు వదలని టైలర్ దగ్గరికి ఎవరూ రెండోసారి రారు. నువ్వు మడిచి కుట్టుకున్నావని చదివి ఎవరిదో కోటుకి బొత్తాం తలకిందులుగా కుట్టేశాను. ఆ పాపం నీదే.

నా బండి కొలిచాను. నలభై ఆరు అంగుళాలు. మూడుసార్లు టేపు పెట్టి చూశాను, మూడుసార్లూ అంతే.

అన్నయ్య పలకలు కోశాడంటే నవ్వొచ్చింది. వాడంతే. చిన్నప్పుడు నా బొమ్మల్ని ఊరేగించడానికి అమ్మ స్టూలు కాళ్ళు కోసి, చక్రాలు బిగించి, సైకిల్ వెనక కట్టాడు. అమ్మ కర్ర పట్టుకుని తరిమితే ఇద్దరం సైకిల్ మీద వీధి దాటేశాం. ఆ రోజే నాకు తూనీగ అని పేరు పెట్టాడు. నీకు తెలీదులే, నువ్వు అప్పటికి రాలేదుగా.

మా ఆయన్ని ఈసారి కూడా రమ్మన్నాను. స్కూటర్ మీద నా వెనక కూర్చున్నప్పుడే కళ్ళు మూసుకునే మనిషి, కొండదారికేం వస్తారు! నిన్ను రమ్మందామనుకుంటాను. కానీ నీకు ఆ బండంటే ప్రాణభయమని అన్నయ్య చెప్పాడు. పెళ్ళైన కొత్తలో వెనక ఎక్కించుకుంటే వీధి చివరిదాకా ఒకే కేక పెట్టావట కదా. పోయినేడు టవర్ దగ్గర ఆ కేక వాడు అనుకరించి చూపిస్తే పైనున్న పావురాలన్నీ లేచిపోయాయి. నాకు కడుపు పట్టేసింది.

బడి యూనిఫారాలు మీద పడ్డాయి. ఉంటాను.

నీ
తూనీగ


మార్చి 9

తూనీగకి,

పావురాలు లేచిపోయాయని తెలిసి సంతోషం.

ఆ కేక కథ నాకు తెలుసు, పెట్టింది నేనే కాబట్టి. కానీ అది నవ్వుకునే కథని తెలీదు. ఆ రోజు నుంచీ సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మా అమ్మకి కూడా చెప్పలేదు. పావురాలతో సహా అందరికీ తెలుసన్నమాట.

సరే. నీ కొలత ఆయనకి అందించాను. పని బాగా సాగుతోంది. చుట్టూ ఇనప యాంగిల్స్ వెల్డింగ్ చేశారు. ముందు వైపు కొంచెం పొడిగించారు. దాని మీద మందపాటి ప్లైవుడ్ పరిచి బోల్టులు బిగించారు. అంచులకి ఇనప కొక్కేలు పెట్టారు, బెల్టులతో బండ్లని లాగి కట్టడానికి. పనితనానికి వంక పెట్టలేను. ఈ ఇంట్లో వంటింటి అల్మారా తలుపు రెండేళ్ళుగా ఒక కీలు మీద వేలాడుతోంది, అది వేరే సంగతి.

పోయిన ఆదివారం బరువు చూశారు. నేను రోజూ ఎక్కే బరువు మిషను తీసుకెళ్ళి, ట్రైలర్ ముక్కు కింద ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టారు. ముక్కంటే కారుకి తగిలించే చివర. ముక్కు మరీ తేలికైతే రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపుతుందట. మరీ బరువైతే కారు వెనక చతికిలబడుతుందట. అందుకని బరువు ఇరుసుకి కాస్త ముందుగా పడాలి. ఆయన బండి ఎక్కించారు. నీది ఇంకా రాలేదుగా, దాని చోట ఇసుక బస్తాలు వేశారు. నేనూ ఒక చెయ్యి వేశాను. బస్తాలు అయిపోయాయి, బరువింకా చాల్లేదు. అటూ ఇటూ చూసి, "నువ్వెక్కు" అన్నారు.

ఎక్కాను. నీ చోట, బస్తాల మధ్య నిలబడ్డాను. పక్కనే ఆయన బండి. దాని హ్యాండిల్ మీద చెయ్యి వేసి పట్టుకున్నాను, పడిపోతానేమోనని. ఆ ఎత్తు నుంచి పెరడంతా కొత్తగా కనిపించింది. గోడ అవతలి వీధి కూడా కనిపించింది. ఇంకాస్త సేపు అలాగే ఉంటే బాగుండుననిపించింది. ఆయన వంగి మిషను చూసి, "సరిపోయింది, దిగు" అన్నారు.

అందుకే రాస్తున్నాను. నీ చోట ఎలా ఉంటుందో నేనూ చూశాను.

ఇంకొకటి. సాయంత్రం ఆయన షెడ్డులో నీతో ఫోన్లో మాట్లాడుతున్నారు. టీ తీసుకెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల ఒకటే నవ్వు. నేను తలుపు తొయ్యగానే నవ్వు ఆగిపోయింది. "ఏంటి విశేషం?" అన్నాను. "ఏం లేదు, బెల్టులు" అన్నారు. బెల్టులు అంత నవ్వు తెప్పించే వస్తువులని తెలీదు. నువ్వేం చెప్పావో నాకూ రాస్తే, నేనూ కాసేపు నవ్వుకుంటాను.

వదిన


మార్చి 18

వదినా,

దాచడమెందుకు, బెల్టుల గురించి కాదు. నిన్ను ట్రైలర్ ఎక్కించానని అన్నయ్య చెబుతుంటే, "అయితే వదిన బరువెంతో చెప్పు" అన్నాను. "చంపేస్తుంది" అని నవ్వాడు. ఎంత అడిగినా చెప్పలేదు. అంతే కథ. మీ బరువు మిషను సాక్షి.

నువ్వు కోప్పడతావని తెలుసు. కానీ నిజం చెప్పాలంటే కోప్పడాల్సింది నేను. ఇదివరకు వాడు ఫోన్ చేస్తే ఇంజన్ గురించి చెప్పేవాడు, కొత్త దారి గురించి చెప్పేవాడు, చిన్నప్పటి మాటలు తవ్వేవాడు. ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు, వదినకి షెడ్డు శుభ్రంగా ఉండాలి, వదిన కుండీలు తేవాలంది, వదిన అలా అంటుంది, వదిన ఇలా అనదు. ఆ నీలం పలకలు ఉన్నాయి చూడు. అవి పారేయడానికి కోశాడనుకున్నావా? వాటికి కాళ్ళు అతికించి, పిన్నులు పెట్టి బిగించేలా చేస్తున్నాడట. కొండ నుంచి రాగానే నాలుగూ మళ్ళీ నిలబెట్టేస్తే నీ ట్రైలర్ నీకు మామూలుగా ఉంటుందట. ఒక ఆదివారమంతా దానికే పోయింది. నా ర్యాంపు ఇంకా మొదలే పెట్టలేదు!

నేనిలా అంటే నీకు కోపమొస్తుంది గానీ, పెళ్ళి కాకముందు వాడు నాకొక్కదానికే అన్నయ్య. ఇప్పుడు ఏడాదికి ఒక్క రోజు మిగిలింది. ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా బట్టలు కుడతాను. నీకేం, రోజూ ఎదురుగా ఉంటాడు.

బట్టల తానులు తెచ్చే వ్యాను మీ వైపు వస్తోంది. నా బండి దాంట్లో పంపిస్తున్నాను. వచ్చాక ఒక దుప్పటి కప్పు, సీటు పాడవుతుంది. నీ పాత దుప్పటైనా సరే, మంచిది అక్కర్లేదు.

తూనీగ


ఏప్రిల్ 6

తూనీగకి,

నీ బండి శుక్రవారం దిగింది. దుప్పటి కప్పాను, మంచిదే కప్పాను.

పలకలకి పిన్నులు పెడుతున్నారన్న సంగతి నీ ఉత్తరం వల్లే తెలిసింది. ఆయన షెడ్డు మా వంటింటికి ఎదురుగా ఉంటుంది. నీ షాపు ఎంత దూరమో నీకే తెలుసు. అయినా నా ట్రైలర్ కబురు నాకు నీ దగ్గర్నుంచి రావాలి. సరే, ఎవరో ఒకరు చెప్పారు, అదే పదివేలు. నా బరువు గురించి నవ్వుకున్నందుకు కూడా నాకేం కోపం లేదు. మిషను మాత్రం ఆయన ఇంకా బాత్రూంలో పెట్టలేదు.

ఇప్పుడొక చేదు కబురు. ఇవాళ రెండు బండ్లూ ఎక్కించి చూశారు. ముందు ఆయనది ఎక్కింది. తర్వాత నీది తోశాం. అది చివరిదాకా రాకుండానే చోటు అయిపోయింది. నీ బండి అటు పక్క టైర్లు సగం చెక్క మీద, సగం గాల్లో. ఆయన టేపు తీసి చూశారు. నాలుగంగుళాలు తక్కువ.

చాలాసేపు అలాగే నిలబడ్డారు. ముందుకి ఇంకా పొడిగిస్తే మలుపు తిరిగేటప్పుడు కారుకి తగులుతుందట. వెనక్కి పొడిగిస్తే ముక్కు తేలిపోయి తోక ఊపుతుందట. రంగు కూడా వేసేశారు. "ఈ ఏటికి ఇంతేనేమో" అని టేపు జేబులో పెట్టుకున్నారు.

నాకు ఎంత బాధగా ఉందో చెప్పలేను. ఆ బాధలో కిటికీలన్నీ తుడిచాను, దీపాల గాజులు కడిగాను, పిండివంట కూడా చేశాను. పాట కూడా పాడుకున్నానట. పక్కింటావిడ గోడ మీంచి, "ఏంటి, మంచి హుషారుగా ఉన్నారు?" అంది. మనిషిలో పైకి కనిపించేదంతా నిజం కాదు కదా.

నీకు కూడా బాధగా ఉంటుందని తెలుసు. ఏం చేస్తాం.

వదిన


ఏప్రిల్ 11

నేను రాసింది నలభై ఆరు. ఆ కాగితం నీ దగ్గరే ఉంటుంది, తీసి చూసుకో.

అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. "మీ వదిన నలభై నాలుగని చెప్పింది" అన్నాడు. నా చేతిలో ఎప్పుడూ కత్తెరే ఉంటుంది గానీ కోత మాత్రం నువ్వు కోశావు. మూడుసార్లు కొలిచి పంపింది నేను. అందులోంచి రెండంగుళాలు నీకెందుకు కావాల్సి వచ్చాయి?

మేమిద్దరం వెళ్ళడం నీకు మొదట్నుంచీ గిట్టదు. నోటితో అనవు. డబ్బా మూత నొక్కే తీరులో తెలుస్తుంది. ఒక్కోసారి నా వేళ్ళు కూడా అందులో పెట్టి నొక్కేస్తావేమో అనిపించేది. తిరిగొచ్చాక మట్టి బట్టలు రెండు వేళ్ళతో పట్టుకుని తీసుకెళతావు. "బాగా తిరిగారా" అని అడిగి, మేం జవాబు చెప్పేలోపు కుళాయి తిప్పేస్తావు. ఇవన్నీ నేను చూడలేదనుకున్నావా?

ముక్కు ఊపినా తోక ఊపినా నాకు పర్లేదు. నా బండి నాకు పంపించెయ్యమని చెప్పు వాడికి. నీ దుప్పటి కూడా దానితోనే పంపు, ఉతికి పంపిస్తాను.


ఏప్రిల్ 16

తూనీగా,

పైన నా పేరూ లేదు, కింద నీ పేరూ లేదు. అయినా దస్తూరి నీది, కోపం నీది. అందుకని నీకే జవాబు రాస్తున్నాను.

నలభై నాలుగని చెప్పింది నేనే. ఎందుకో చెబుతాను, ఈసారి నువ్వు కుళాయి తిప్పకుండా విను. నువ్వు ఈ ఇంటికి కుట్టి పంపినవన్నీ ఒకసారి తలుచుకో. కర్టెన్లు, సోఫా కవర్లు, నా చలికోటు, దిండు గలీబులు. దేనికైనా రెండంగుళాల లూజు లేకుండా వచ్చిందా? నువ్వు కొలత చెప్పావంటే అందులో నీ లూజు కలిసే ఉంటుందనుకున్నాను. ఇనుముకి లూజు పనికిరాదు కదా, అందుకని తీసేసి అసలు కొలత చెప్పాననుకున్నాను. నీకు మేలే చేశాననుకున్నాను.

అయినా నేను తగ్గించింది రెండే. తక్కువైంది నాలుగు. మిగతా రెండూ ఎటు పోయాయో నాకూ తెలీలేదు. నీ ఉత్తరం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. చదివారు. తల గోక్కున్నారు.

"నువ్వూ తగ్గించావా?" అన్నారు.

"నేనూ అంటే?"

"దాని సంగతి నాకు తెలీదా? నా చొక్కాలన్నీ అదేగా కుట్టేది. నేనో రెండు తగ్గించా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నువ్వేమో జన్మకి ఒక్కసారి లూజు లేకుండా రాశావు. ఆ ఒక్కసారే, నిన్ను బాగా ఎరిగిన వాళ్ళం ఇద్దరం, చెరో రెండంగుళాలు కోసేశాం. నీ బండి అంత సన్నగా ఉండదని ఇద్దరికీ తట్టలేదు. ఆయన నవ్వారు. ఫోన్లో నీతో నవ్వినట్టే, గట్టిగా. నేను పక్కనే ఉన్నాను, తలుపు తీసే ఉంది.

కాబట్టి కొలత విషయంలో నేను కావాలని ఏ తప్పూ చేయలేదు. కానీ నువ్వు రాసిన మిగతాదంతా అబద్ధమని రాయడానికి పెన్ను పెట్టాను, చెయ్యి రాలేదు. నీ టైర్లు గాల్లో వేలాడుతుంటే నాకు హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత హాయి. ఆ పాట నేను పాడుకున్నమాట నిజమే.

ఇంకా ఉంది. ఆ బండ్లు ఎలా పడతాయో నాకు అప్పుడే తెలుసు. చెప్పుల జత డబ్బాలో పక్కపక్కన పెడితే మూత పడదు. ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి జరిపితే ఒకదాని మడమ ఇంకోదాని నడుము పక్కన కూర్చుంటుంది, మూత పడుతుంది. బండ్లూ అంతే. ఆయన బండి జానెడు ఇటు, నీది జానెడు అటు జరిపితే, నీ బండి టైరు ఆయన బండి ముందు టైరుకీ వెనక టైరుకీ మధ్య ఖాళీలోకి వచ్చేస్తుంది. ఆ మధ్యలో చోటు నాలుగంగుళాలేం ఖర్మ, ఇంకా ఎక్కువే ఉంది. ఆయన టేపు పట్టుకుని నిలబడి ఉండగానే నాకు తట్టింది. నోరు మూసుకుని లోపలికొచ్చి పిండివంట చేశాను.

ఎందుకంటావా? మీరిద్దరూ నన్ను భయస్తురాలన్నారు. నిజమే, భయమే. ఇప్పుడెక్కినా అరుస్తాను. కానీ భయపడేవాళ్ళని ఒక్కసారైనా అడగాలి కదా? "వస్తావా" అని అడిగితే "రాను" అనేదాన్నేమో. ఆ "రాను" అనే అవకాశం కూడా నాకు ఇన్నేళ్ళలో రాలేదు. డబ్బాలు కడుతున్నప్పుడు ప్రతిసారీ అనుకుంటాను, ఇప్పుడు అడుగుతారు, మూత పెట్టాక అడుగుతారు, కారు తలుపు వేసేముందు అడుగుతారు. అందుకే మూతలు అంత గట్టిగా పడతాయి.

నిన్న ఆయనకి చెప్పుల సంగతి చెప్పాను. ఇద్దరం కలిసి జరిపి చూశాం. పట్టాయి. బెల్టులు లాగి కట్టి, ట్రైలర్ని పట్టుకుని ఊపి చూశారు, కదల్లేదు. బరువు మిషను మళ్ళీ పెట్టి చూశారు, అదీ సరిపోయింది, ఈసారి నేను ఎక్కనక్కర్లేకుండానే. ఏమన్నారంటావా? "ఓహో" అన్నారు.

నీ బండి పంపించను. నువ్వే వచ్చి ఎక్కు. డబ్బాల మూతలు మెల్లగా నొక్కుతాను.

వదిన


ఏప్రిల్ 29

వదిన గారికి,

గారు ఎందుకంటే, మీ ఇంటికి రాకుండా కొండ కిందికి నేరుగా బస్సులో వెళ్ళినందుకు. నీ ఉత్తరం చదివాక నీకు మొహం చూపించలేకపోయాను. నా ఉత్తరంలో వేళ్ళ సంగతి మరీ ఎక్కువ రాశాను. మూతలు మెల్లగానే నొక్కావు, డబ్బాలు తెరవగానే తెలిసింది. అన్నయ్యకి కారం, నాకు చప్పిడి, వేరువేరుగా కట్టావు. నాకు కారం పడటం లేదని నీకెవరు చెప్పారు? నేను చెప్పలేదే!

ట్రైలర్ బ్రహ్మాండంగా ఉంది. తోక ఊపలేదు, ముక్కు ఎత్తలేదు. పెట్రోలు బంకు దగ్గర ఒకాయన ఆగి, "ఇంత చిన్నదాని మీద రెండు ఎలా పట్టాయండీ?" అని అడిగాడట. అన్నయ్య కారు దిగి మరీ చెప్పాడట, చెప్పుల డబ్బా, మడమ, నడుము, అంతా. "మా ఆవిడ చెప్పింది" అన్నాడట. ఇది వాడే నాకు చెప్పాడు. ఒకసారి కాదు, కొండెక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి.

ఇక టవర్ దగ్గర. నేను ఏడాదంతా దాచుకున్న కబుర్లు మూటకట్టుకుని వెళ్ళాను. మా ఆయన గురించి, షాపు గురించి, అమ్మ స్టూలు గురించి. మూట విప్పనిస్తే కదా! కూర్చున్న దగ్గర్నుంచీ నీ గురించే. గాలి బాగా వీస్తోందంటే నీ మాట, దూరంగా ఊరు కనిపిస్తోందంటే నీ మాట, పావురం వాలిందంటే నీ మాట. నువ్వు ఆ అరుగు మీద బస్తాల మధ్య నిలబడి వీధి చూశావట కదా, అప్పుడు నీ మొహం ఎలా ఉందో అరగంట చెప్పాడు. మిషను చూస్తున్నాడని రాశావే, మిషను ఒక్కటే కాదన్నమాట వాడు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాదికి ఒక్క రోజు నాది, అందులో కూడా నువ్వే కూర్చున్నావు, కొండెక్కకుండానే!

చివరికి విసుగొచ్చి అడిగాను. "ఇంత చెబుతున్నావు, మరి వదిన్ని రమ్మని ఒక్కసారైనా ఎందుకు అడగలేదురా?" అన్నాను. డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. తర్వాత, "అడిగితే రాను అంటుంది. ఒకసారి రాను అంటే, ఇంక మళ్ళీ అడగడానికి ఉండదు" అన్నాడు. లిఫ్టుల మనిషి, వాడికి తలుపు తెరుచుకోకపోతే భయం. నీకేమో ఎవరూ బొత్తాం నొక్కలేదని కోపం. నేను మధ్యలో మెట్లెక్కి చస్తున్నాను.

నా బండి మీ షెడ్డులోనే ఉండనీ. లారీ లేదు, వ్యాను అతను ప్రతిసారీ తేడు. తాళం సీటు కింద టేపుతో అంటించి ఉంది. నీకు బుద్ధి పుడితే వీధి చివరిదాకా నడిపి చూడు. అరిచినా ఫర్వాలేదు, అక్కడ పావురాలు లేవు. కానీ ఒకటి ముందే చెబుతున్నాను. టవర్ దగ్గరి రోజు నాది. అది మాత్రం నీకివ్వను. నీకు కావాలంటే ఇంకో రోజు చూసుకో.

నీ దుప్పటి నిజంగా మంచిదే కప్పావు. బండితో పాటే కొండకి వచ్చింది, చూశాను.

తూనీగ


మే 5

తూనీగా,

కొండ నుంచి వచ్చిన రోజు ఆయన స్నానం చేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కున్నారు. "ఎలా జరిగింది?" అని అడిగాను. "బాగానే" అన్నారు. అంతే. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలిసింది ఆ ఒక్క మాటే.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. నా మొహం ఎలా ఉందో అరగంట చెప్పారా? నీకా? ఆ మొహం నాది. ఇంట్లోనే ఉంటుంది, ఎదురుగానే వడ్డిస్తూ ఉంటుంది. దానితో అరనిమిషం చెప్పలేని మనిషి, నిన్ను కొండెక్కించి అరగంట చెబుతారా?

ఈ ఆదివారం నీలం పలకలు నాలుగూ పిన్నులతో బిగించి, ట్రైలర్ మళ్ళీ మామూలుగా చేశారు. గీతలు పడ్డ చోట రంగు వేయమని డబ్బా నా చేతికిచ్చారు. నేను రంగు వేస్తుంటే నీ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, సీటు కింద చెయ్యి పెట్టి తాళం తీశారు. దాన్ని చూస్తూనే, "ఊరికే పెడితే బ్యాటరీ దిగిపోతుంది. అప్పుడప్పుడు ఎవరైనా తిప్పాలి" అన్నారు.

అది అడగడం కిందికి వస్తుందా, రాదా? నువ్వు చెల్లెలివి, నీకే తెలియాలి. నేను మాత్రం రాను అనలేదు. బ్రష్షు కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, తాళం తీసుకున్నాను. వీధి చివరిదాకా వెళ్ళాను. అరిచాను. ఆయన వెనకాల నడిచి వచ్చారు.

టవర్ దగ్గరి రోజు నీదే, నాకొద్దు. కానీ ఆ రోజు అక్కడ నా గురించి ఆయన అన్న మాటలు నావి. అవన్నీ రాసి పంపు. నీ మాటల్లో కాదు, ఆయన ఎలా అన్నారో అలాగే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. లూజు కలపకు. ఈసారి నేనూ ఏమీ తగ్గించుకోను.

వదిన